గోధుమరంగు బిన్నులో బ్రిగేడియర్

"షెడ్డులో అట్టపెట్టె ఏది?" అని హిల్డా అడిగేసరికి క్లైవ్ నోట్లో టోస్టు ఉంది.

"ఎండుటాకుల పెట్టేనా? నిన్న షెడ్డు సర్దుతూ పారబోశాను."

"ఆ ఆకుల కింద బ్రిగేడియర్ పడుకున్నాడు క్లైవ్."

టోస్టు నమలడం ఆగిపోయింది. బ్రిగేడియర్ అంటే హిల్డా తాబేలు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిచ్చాడు. ఏటా నవంబరులో ఆకుల్లో దూరి నిద్రపోతే వసంతం వచ్చేదాకా కదలడు.

"ఎక్కడ పారబోశావు?"

అసలు చిక్కు అక్కడే ఉంది. తోటచెత్త తీసుకెళ్లడానికి ఊరి కౌన్సిల్ రుసుము పెట్టిన రోజునే క్లైవ్ అది కట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. "ఆకులు రాల్చేది చెట్టు. డబ్బులు చెట్టునే అడగమను!" డబ్బు కట్టినవాళ్ల గోధుమరంగు చెత్త బిన్నుకే స్టిక్కరు ఇస్తారు. స్టిక్కరు లేని బిన్నును లారీ ముట్టదు. ఆకులన్నీ ఎరువు చేస్తున్నానని భార్యకు చెప్పాడు. చేసింది వేరు. పక్కింటి డిలిస్ చర్చిలో పాటల సాధనకు వెళ్లగానే గోడ మీదుగా ఆమె బిన్నులో పోసేవాడు.

"డిలిస్ బిన్నులో," అని గొణిగాడు.

హిల్డా కిటికీలోంచి చూసింది. లారీ మలుపు తిరుగుతోంది.

క్లైవ్ డ్రెస్సింగ్ గౌనులోనే పరిగెత్తాడు. ఒక చెప్పు గేటు దగ్గరే ఊడిపోయింది. డిలిస్ టీ కప్పుతో బిన్ను పక్కనే నిలబడి ఉంది. అతన్ని చూసి మూత మీద మోచెయ్యి ఆనించింది.

"ఏంటి క్లైవ్, పొద్దున్నే పరుగు పందెమా?"

"డిలిస్, ఒక్కసారి మూత తియ్యండి. మా తాబేలు అందులో ఉంది."

"అయ్యో! గోడెక్కి దూకిందా?"

లారీ డిలిస్‌కి అవతలి ఇంటి ముందు ఆగింది. ఆ ఇంటి బిన్ను గాల్లోకి లేచింది.

"దూకలేదు. నేనే పోశాను. ఆకులతోపాటు."

"నిన్న ఒక్కరోజేనా?"

"మూడేళ్ల నుంచి."

"కాస్త గట్టిగా చెప్పండి. గేటు దగ్గరున్న హిల్డాకి వినపడాలి కదా."

"మూడేళ్ల నుంచి పోస్తున్నాను!"

లారీ మనుషులు కూడా తల తిప్పి చూశారు. డిలిస్ మోచెయ్యి తీసింది. క్లైవ్ నడుం దాకా బిన్నులో దూరాడు. చేతులకు ముళ్లు గుచ్చుకున్నాయి. కత్తిరించిన గులాబీ కొమ్మలు తప్ప ఏమీ లేవు.

"ఆకులేవి?"

"మీ ఆకులు ఏనాడూ లారీ ఎక్కలేదు. మాగబెట్టి నా గులాబీ మడుల్లో వేసుకుంటున్నా. మొన్న వేసవి పూల పోటీలో మొదటి బహుమతి ఊరికే వచ్చిందా?" టీ గుక్క తాగింది. "మీకు రెండోది కదూ?"

క్లైవ్ బిన్నులోంచి బయటికొచ్చాడు. "బ్రిగేడియర్?"

"ఆకులు తోడుతుంటే చేతికి తగిలాడు. మా షెడ్డులో హాయిగా నిద్రపోతున్నాడు."

ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. హిల్డా అతని చెప్పు పట్టుకుని నవ్వుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"నిన్న సాయంత్రమే డిలిస్ చెప్పింది. చెప్పు తొడుక్కో, జలుబు చేస్తుంది."

లారీ మనిషి డిలిస్ బిన్ను లాగుతూ క్లైవ్ ఇంటి వైపు చూశాడు.

"మీది లేదా సార్?"

"స్టిక్కరు లేదు," అన్నాడు క్లైవ్.

"అవును, విన్నాం."