వంటింటి తలుపు మీది గొంతు

హాలు తుడవడంలో శశికళకు కష్టమైన చోటు ఒకటే. నట్టనడుమ ఉన్న కుర్చీ చుట్టూ జానెడు నేల. ఆ కుర్చీ నాలుగు కాళ్ళ చుట్టూ నందీశ్ పసుప్పచ్చ టేపు ముక్కలు అంటించాడు. కుర్చీ అంగుళం జరగకూడదు, టేపు లేవకూడదు, దానికి తడి తగలకూడదు. మిగతా ఇల్లంతా కర్రగుడ్డతో సరసరా లాగేసే మనిషి, అక్కడికి వచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చుని, పసిబిడ్డ మూతి తుడిచినట్టు చేతిగుడ్డతో తుడవాలి. తుడిచేది ఆమె, కూర్చునేది ఆయన. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కుర్చీ కింది నేల తెలిసినంతగా కుర్చీ పైభాగం ఆమెకు తెలియదు.

ఆ ఆదివారం ఉదయం కూడా ఆమె మోకాళ్ళ మీదే ఉంది. నందీశ్ ముందువైపు స్పీకర్ వెనక తల దూర్చి వైర్లు చూస్తున్నాడు.

"శశీ, కుర్చీ ఏమన్నా జరిపినావా?"

"లేదే."

"మరి సద్దు ఎందుకిట్ల డొల్ల డొల్లగా వస్తాండాది? పోయిన నెల్లో ఎంత బాగుండె. తుడిచేటప్పుడు నువ్వే ఏదో కదిలించింటావు."

శశికళ గుడ్డ పిండుతూ ఆలోచించింది. దీపావళికి నందీశ్ కొత్త యాంప్లిఫైయర్ తెచ్చాడు. కుర్చీలో చిన్న మైకు నిలబెట్టి, ఇంట్లో చీమ కూడా కదలకుండా చేసి, స్పీకర్లన్నీ సరిచూసుకున్నాడు. దానికి నాలుగు రోజుల ముందే అకాల వాన పడింది. గోడౌన్ కారి, మండీలోని వేరుశనగ మూటలన్నీ ఈ హాల్లోకి వచ్చాయి. మూడు గోడల పొడవునా నడుమెత్తు మూటలు. పోయిన వారం అవి నూనె మిల్లుకు వెళ్ళిపోయాయి. మూటలు లేచిపోయిన రోజు హాలు ఊడుస్తుంటే చీపురు చప్పుడే మారిపోయిందని ఆమెకు బాగా గుర్తు.

"మూటలు పోయినాయి కదా, అందుకేమో చూడప్పా."

నందీశ్‌కు వినబడలేదు. వినబడి ఉండొచ్చు కూడా. స్పీకర్ వెనక తల ఉన్నవాడికి ఏది చేరిందో చెప్పడం కష్టం.

నందీశ్ మంచివాడు. ఇది శశికళ ఎవరితోనైనా పందెం కాసి చెప్పగలదు. బాగేపల్లి బస్టాండు వెనక వీధిలో తాత కాలం నుంచీ ఉన్న వేరుశనగ వ్యాపారపు మండీ వాళ్ళది. బెంగళూరులో చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలో ఎవరో మలయాళీ కుర్రాడి దగ్గర ఈ ఇంగ్లీషు రాక్ పాటలు అంటించుకున్నాడు. చదువు అయ్యీ కాకుండానే తండ్రి పోయి, మండీ నెత్తిన పడింది. బెంగళూరు నుంచి ఇక్కడికి తెచ్చుకోగలిగింది ఆ పాటలొక్కటే. "మొగోనికి ఏదో ఒక పిచ్చి ఉండాల్నే అమ్మా. తాగుడు కాదు, పేకాట కాదు. పాటలే కదా, పడుండనీ," అనేది అత్త మునిలక్ష్మమ్మ, బతికున్నన్నాళ్ళు. ఆడదానికి ఏ పిచ్చి ఉండాలో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, శశికళా అడగలేదు.

స్పీకర్లు బిగించిన కొత్తలో నందీశ్ ఆమెకు విడమరిచి చెప్పాడు. "యాభై ఏండ్ల నాడు వీటిని రెండు స్పీకర్లకే కలిపినారు శశీ. ఇప్పుడు ఆ పాత టేపులు బైటికి తీసి, గిటారు వేరే, డ్రమ్ములు వేరే, గొంతు వేరే ఇడదీసి, ఐదు స్పీకర్లకు పంచి మళ్ళా కొత్తగా కలపతాండారు. నడిమధ్యలో కూసుంటే వాళ్ళు మన చుట్టూ నిలబడి వాయించినట్లే." ఆమెకు వెంటనే అర్థమైంది. గింజలు ఏరడం లాంటిదే కదా అది. విత్తనానికి వేరే, నూనెకు వేరే, పుచ్చులు వేరే. మండీకి వచ్చే విత్తనపు గింజలు ఏళ్ళ తరబడి ఏరి పెడుతున్నది ఆమే. ఎవరైనా "మీ ఇంటామె ఏం చేస్తాది?" అని అడిగితే, "ఇంట్లోనే ఉంటాది," అంటాడు నందీశ్, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా.

పాట వింటున్నప్పుడు నందీశ్ ముఖం చూడాలి. రోజంతా బేరాలాడి బిగుసుకుపోయిన దవడలు వదులైపోతాయి. నోరు రవ్వంత తెరుచుకుంటుంది. ఆ ముఖమంటే శశికళకు ప్రాణం. ఆ ముఖం కోసమే ఆదివారాల సాయంత్రాలు ఆయన స్నేహితులకు కూడా కాఫీలు, మిరపకాయ బజ్జీలు అందిస్తూ వచ్చింది. డిస్కులు తుడవడానికి తన మెత్తటి నూలుచీర చింపి ఇచ్చింది. "నీ చీరంత మెత్తటి గుడ్డ యాడా దొరకలే," అని ఆయన అంటే, చీర పోయిన బాధకన్నా ఆ మాట మురిపెమే ఎక్కువైంది. తన మురిపెం మీద తనకే ఒక్కోసారి ఒళ్ళు మండేది, అది వేరే సంగతి.

ఐదు స్పీకర్లలో వెనక కుడివైపుది సరిగ్గా వంటింటి తలుపు మీద ఉంది. పన్నెండేళ్ళ కిందట దాన్ని బిగించేటప్పుడు, "నా నెత్తిమీద ఎందుకప్పా?" అని అడిగింది. "అది ఆడుంటేనే సరిగ్గా వస్తాది. నువ్వూ వింటావు కదా," అన్నాడు నందీశ్. నిజమే, విన్నది. హాల్లో ఐదు స్పీకర్ల పాట నడుస్తుంటే, పొయ్యి దగ్గర ఆమెకు దక్కేది ఆ ఒక్క దాని పాలు. ఒక పాటలో కేవలం చప్పట్లు, ఇంకో పాటలో ఎవరో గిటారు తీగ మీద వేలు జార్చిన చప్పుడు. అదీ పూర్తిగా కాదు. "శశీ, మిక్సీ రొంత ఆపు." "శశీ, కుక్కర్ దించేయ్." "ఈ పాట అయ్యేదాకా గమ్మునుండు." దాంతో ఆదివారం చట్నీ శనివారమే రుబ్బి పెట్టుకోవడం నేర్చుకుంది.

నీలం అట్ట ఉన్న ఆల్బమ్ ఒకటి ఉంది. అందులో చివరి పాట చాలా పొడుగు. అది సగానికి వచ్చాక తలుపు మీది స్పీకర్లో ఒక ఆడగొంతు మొదలవుతుంది. మాటలు ఉండవు. హాల్లోని మగగొంతు ముందు నడుస్తుంటే, ఒక అడుగు వెనకగా, పని చేసుకుంటూ తనలో తాను పాడుకునే మనిషిలాగా పాడుతుంది. ఆ గొంతు వచ్చినప్పుడల్లా శశికళ చేతిలో గరిటె ఆగిపోయేది. సోమేనహళ్ళిలో పుట్టింటి వరండా గుర్తొచ్చేది. గూట్లో రేడియో, దాని కింద వేరుశనగ కాయలు ఒలుస్తూ అమ్మ, పిన్నమ్మలు, తను. అక్కడ నడిమధ్య కుర్చీ అంటూ లేదు, ఎవరు ఎక్కడ కూర్చున్నా పాట ఒకటే. ఈ గొంతు చివరికి ఏమవుతుందో మాత్రం ఆమె ఒక్కసారి కూడా వినలేదు. ఆల్బమ్ ముగిసేవేళకు కాఫీలు కలపాలి, బజ్జీలు దించాలి, ఎవరో ఒకరు మంచినీళ్ళు అడుగుతారు.

"ఆ పాటలో పాడే ఆమె ఎవురు?" అని ఒకసారి నందీశ్‌నే అడిగింది.

"ఏ ఆమె?" ఆయన అట్ట తిప్పి చూపించాడు. గడ్డాల మగవాళ్ళు నలుగురు. "నలుగురూ మొగోళ్ళే చూడు. ఆడోళ్ళు యాడుండారు?"

ఆ తర్వాతి ఆదివారం స్నేహితుల ముందు, "మా శశికి లేని ఆడమనిషి వినిపిస్తాండాది," అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది. సింక్ దగ్గర నిలబడి, నాకు నిజంగానే వినబడిందా అని తనను తానే ప్రశ్నించుకుంది. ఆ సందేహం ఎన్నాళ్ళకూ పోలేదు. చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం చేస్తున్న కూతురు సహన పోయిన నెల వచ్చినప్పుడు, "అమ్మా, నువ్వెప్పుడన్నా ఆ కుర్చీలో కూసోని విన్నావా?" అంది. "నాకు యాడ తీరుబాటు," అని కొట్టిపారేసింది గానీ, ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఆ కుర్చీలో కూర్చుని ఆ పాట చివరంటా ఒక్కసారి వినాలి. ఆ గొంతు ఉందో లేదో తేల్చుకోవాలి. నలభై ఆరేళ్ళ మనిషికి ఇదొక కోరికా అని సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నం నందీశ్‌కు ఫోన్ వచ్చింది. రైతు బయ్యప్ప బండి నిండా కాయలతో మండీ ముందర నిలబడి ఉన్నాడట.

"పోయి దింపించి వస్తా. పురుషోత్తం, రామచంద్రప్ప సారూ నాలుగింటికి వస్తామన్నారు, వాళ్ళనీ పిల్చుకొస్తా. నువ్వు ఏమీ ముట్టొద్దు," అని చెప్పులు వేసుకున్నాడు.

ముట్టొద్దన్న వస్తువులన్నిటి మీదా వారానికి రెండుసార్లు దుమ్ము దులిపేది తనే. ఆయన పాటల పెట్టె ఆపడం మరిచిపోయి మండీకి వెళ్ళినప్పుడల్లా ఫోన్లో చెబుతుంటే ఆపేదీ తనే. బజ్జీల పిండి కలపడానికి లేచిన శశికళ, గిన్నె అక్కడే పెట్టి, చేతులు కడుక్కుని, నీలం అట్ట డిస్కు బయటికి తీసింది. దాన్ని తన చీర ముక్కతోనే తుడిచింది.

కుర్చీ అంచున, బస్సులో పక్కవాళ్ళకు చోటు మిగిల్చే మనిషిలా కూర్చుంది. పాదాలు నేలకు ఆనలేదు. కుర్చీ ఎత్తు ఆయన తన కొలతకు పెట్టుకున్నది. మొదటి పాట మొదలైంది. ఎడమ కిటికీ దగ్గర గిటారు, ఎదురుగా డ్రమ్ములు, కుడి భుజం పక్క ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఖాళీ గోడలకు తగిలి సద్దు కొంచెం డొల్లగానే ఉంది. అయినా ఆమె మెల్లగా వెనక్కి వాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత బాగుంటుందని నాకు చెప్పనేలేదే అనుకుంది. కాదు, చెప్పాడు. వందసార్లు చెప్పాడు. రా, కూర్చో అని మాత్రం ఒక్కసారీ అనలేదు. కోపం వచ్చింది. నందీశ్ మీద వచ్చింది, ఇన్నేళ్ళూ అడగకుండా ఉన్నందుకు తన మీద కూడా వచ్చింది.

చివరి పాట మొదలై కాసేపైందో లేదో గేటు చప్పుడైంది. ఎరువుల కొట్టు పురుషోత్తం ముందు, చింతామణి నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ రామచంద్రప్ప వెనక, వాళ్ళ వెనక నందీశ్. పురుషోత్తం గుమ్మంలోనే ఆగి హాలంతా చూశాడు.

"మూటలన్నీ తీసేసినారా? అందుకే సద్దు గోడలకు కొడతాండాది నందీశా. నువ్వు మూటలున్నప్పుడు సెట్ చేసినావు కదా."

"అవునప్పా," నందీశ్ తొడ చరిచాడు. "భలే పట్టినావే. పొద్దున్నించీ తల బద్దలు కొట్టుకుంటాండా."

శశికళ విన్నది. పొద్దున తను అన్న మాటే, పొల్లు పోకుండా. ఆమె చేతులు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి.

అప్పుడు నందీశ్ ఆమెను చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత ఆమె లేస్తుందని చూశాడు. "శశీ, సారు వచ్చినారు. కాఫీ."

లేవడానికి కాళ్ళు వాటంతట అవే కదిలాయి. పాట సగానికి రాబోతోంది. ఇప్పుడు లేస్తే ఈ పాట మళ్ళీ అక్కడే తెగిపోతుంది. ఆమె కాళ్ళు పైకి తీసుకుని కుర్చీలో బాసింపట్టు వేసుకుంది.

"పాలు ఫ్రిజ్‌లో ఉండాయి. కాఫీపొడి పైన గూట్లో. నేను ఈ పాట వింటాండా."

రామచంద్రప్ప సారు మర్యాదగా దివాన్ మీద కూర్చుని, "కూసో అమ్మా, కూసో. మాకేం తొందర," అన్నాడు. నందీశ్ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు తగిలిన చప్పుడైంది. స్టవ్ వెలిగింది.

పాట సగానికి వచ్చింది. ఆడగొంతు రాలేదు. గిటార్లు, డ్రమ్ములు, మగగొంతు అన్నీ వచ్చి ఆమెను చుట్టుముట్టాయి. ఆమె తల వెనక్కి తిప్పి, చెవి వంటింటి వైపు పెట్టింది. అప్పుడు వినబడింది, ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో అన్నట్టు, సన్నగా. అంటే ఉంది. ఈ కుర్చీలో కూర్చుంటే మాత్రం ఆ గొంతు వినబడేది ఇంతే. ఇన్నాళ్ళూ నందీశ్ అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగానే వినబడలేదు. వంటింట్లోంచి తను అన్న మాటలన్నీ కూడా ఇక్కడికి ఇంతే వచ్చి ఉంటాయి. శశికళకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చేతిలో చెంచాతో నందీశ్ తలుపు దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, స్పీకర్ కింద నిలబడ్డాడు. నోరు రవ్వంత తెరుచుకుని ఉంది.

"శశీ," అన్నాడు మెల్లగా. "ఈడ ఎవురో ఆమె పాడతాండాదే."

"పన్నెండేండ్ల నుంచీ పాడతానే ఉండాది," అంది శశికళ. "పాట అయ్యేదాకా రొంత గమ్మునుండు."

మగగొంతు ఆగిపోయింది. ఆ గొంతు ఒక్కటే మిగిలింది. వంటింట్లో పాలు పొంగి స్టవ్ మీద సుయ్యిమన్నాయి. శశికళ లేవలేదు.