కంచు పతకము ఎక్కించిన మెట్టు

శరత్కాల సాయంసమయమున వర్షధౌతములైన వరిచేలపై అస్తమించు భాస్కరుని కుంకుమకాంతి పరచుకొనగా తూర్పుకనుమల నీలశిఖరములు ధ్యాననిమగ్నములైనట్లు నిశ్చలములై యుండ విజయనగర సీమలోని యొక పల్లెలో తాలింఖానా యను వ్యాయామశాల నుండి ఇనుపబరువులు నేల తాకు గంభీరధ్వని వెలువడుచుండెను. తారుపూసిన దాని నల్లని తలుపుపై సుద్దతో నద్దిన యొక తెల్లని హస్తముద్ర యెదుట అప్పలనరసమ్మ నిలిచియుండెను.

పోటీలకేగు వారు బరువులెత్తునప్పుడు పూసికొను సుద్దపొడిని అరచేత పులుముకొని ఆ తలుపుపై నద్దిపోవుటయు తిరిగివచ్చి తామే తడిగుడ్డతో తుడుచుటయు అచటి యాచారము. దూరదేశములలో కొలువులు దొరకి మరలిరాని వారి చేతులు కొన్ని యచటనే వెలసిపోవుచుండెను. వానిని చూచినప్పుడెల్ల ఆమె చూపు మరలించుకొనుచుండెను. ఏలయన ఆమె కుమార్తె నీలవేణి ఖండాంతర క్రీడోత్సవమునకు బయలుదేరునాడు "పతకముల పట్టికలో మన దేశమును ఒక్క మెట్టైనను ఎక్కింపక ఈ గడప గాని మా యింటి గడప గాని త్రొక్కను" అని పదిమంది యెదుట పంతము పలికెను. మాట తప్పు పిల్ల కాదు. తల్లి భయమంతయు నదియే.

నీలవేణికి కంచుపతకము దక్కెను. తాలింఖానా గురువు చిన్నంనాయుడు నిత్యము నల్లబల్లపై వ్రాయు దేశముల వరుస మాత్రము కదలలేదు.

"ఏమే నరసమ్మా! కూతురు కంచుచెంబు తెచ్చుచున్నదట. తోముటకు చింతపండు నానవైచితివా?" అని పొరుగింటి గౌరమ్మ పరిహసించెను.

"చెంబు మాట యటుంచవే. తెచ్చునది వచ్చిన చాలును" అని యామె గురువు వంక తిరిగి "నాయుడుగారూ! బిడ్డ అంత బరువెత్తినను ఈ మెట్టేల కదలదు?" అని యడిగెను.

"ముందు బంగారములు చూతురమ్మా. అవి సమమైన వెండి. అవియు సమమైన గాని కంచు మొగము చూడరు."

మరునాటి సాయంకాలము మన విలుకాడొకడు బంగారము గెలువగా మనకు పైమెట్టున నున్న దేశముతో బంగారములు సమమయ్యెను. వెండియు సమమే. కంచులను లెక్కించిన నాయుడు అవియు సరిసమానమగుట చూచి ఫక్కున నవ్వి రెండు దేశముల పేర్లను ఒకే వరుసలో వ్రాసి "నీ కూతురి కంచు లేకున్న మనమింకను క్రిందనే యుందుమమ్మా!" అని యెలుగెత్తి పలికెను. అంతలో ఫోను మ్రోగెను. "అమ్మా! మెట్టెక్కితిమి. వచ్చుచున్నాను."

కాని నీలవేణి విమానమున నుండగనే ఆ దేశమునకు మరియొక బంగారము లభించెను. మనము మరల క్రిందికి దిగితిమి.

ఊరు చేరిన నీలవేణి తాలింఖానా గడప వెలుపలనే సంచి దింపక నిలిచిపోయెను. "అమ్మా! మెట్టు జారినది. నా మాట నిలువలేదు. నిన్ను చూచి శిక్షణశిబిరమునకు మరలిపోవుదమని వచ్చితిని."

అప్పలనరసమ్మ కుమార్తె మణికట్టు పట్టుకొనెను.

"ఎక్కింతునంటివి. ఎక్కించితివి. అచట నిలిపెదనని యెన్నడైన నంటివా? కాలు కడుగుకొని లోనికి రమ్ము."

నీలవేణి నవ్వెను. నవ్వుచునే కన్నులు తుడుచుకొని గడప దాటెను. పిదప తడిగుడ్డతో తన హస్తముద్రను తుడుచుచుండ తల్లి యామె చేయి పట్టి యాపెను. తలుపుపై చిటికెనవ్రేలి గుర్తొక్కటి మాత్రము మిగిలెను. బిడ్డ మరల వెడలునని యామె యెరుగును. వెడలినవారు రాగలరనుటకు ఆ గుర్తును సాక్షిగా నుంచుకొనెను.