మేమంతా ఉన్నాం కదా

మామగారి వీపు మీద తడిగుడ్డ అద్దుతుంటే గ్లోరికి తన వీసాలోని వాక్యం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఉద్యోగం చేయడానికి ఆమెకు అనుమతి లేదు. ఆ సంగతి భారత ప్రభుత్వం అచ్చు వేసి మరీ చెప్పింది. పక్షవాతం వచ్చిన మనిషిని పక్కకు తిప్పి, ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, షుగర్ చూసి, ఇన్సులిన్ ఇచ్చి, గొంతులో అడ్డం పడకుండా జావ తాగించడం దుబాయ్‌లో ఉద్యోగమే. దానికి యూనిఫాం ఉండేది, మెడలో పేరున్న కార్డు ఉండేది, వారానికోసారి సెలవు కూడా ఉండేది. తిరువూరులో మాత్రం అది ఉద్యోగం కాదు, పని. ఉద్యోగం వద్దన్న ప్రభుత్వం పని వద్దని ఎక్కడా అనలేదు. ఈ రెండు మాటల మధ్య ఇంత దూరం ఉందని తెలుగు నేర్పే పుస్తకాల్లో రాయరు. కాపురానికి వస్తే తప్ప తెలియదు.

గ్లోరిది ఫిలిప్పీన్స్‌లోని బటంగాస్. దుబాయ్‌లో నర్సుగా ఉన్నప్పుడు, అదే ఆస్పత్రిలో మందుల విభాగంలో పనిచేసే ప్రేమ్ కిరణ్‌ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అతని తండ్రి జగన్నాథరావు మంచాన పడ్డాక ఇద్దరూ అక్కడి ఉద్యోగాలు వదిలేసి తిరువూరు వచ్చేశారు. అతను బస్టాండు దగ్గర మందుల షాపు పెట్టుకున్నాడు. ఆమె ఏం పెట్టుకుందని ఎవరూ అడగలేదు. కోడలి పేరు వినగానే అత్తగారు సరోజినీదేవి "పేరు మన క్రైస్తవుల పేరేలే" అని ఊపిరి పీల్చుకుంది. ముఖం చూశాక ఆ ఊరట నిలవలేదు. చర్చిలో వాళ్ళు నేపాలా అని అడిగారు, కూరలమ్మే ఆవిడ చైనా పిల్ల అని ఖాయం చేసేసింది. మొదట్లో గ్లోరి ఓపిగ్గా దిద్దేది, తర్వాత మానేసింది. వీధిలో ఎవరికి కట్టు మార్చాలన్నా, ఇంజక్షన్ చేయాలన్నా అత్తగారు గుమ్మంలోంచే కేకేసి పిలుస్తుంది, మా ఇంట్లోనే నర్సుంది రండి అని. వాళ్ళు కృతజ్ఞతగా నాలుగు మామిడిపళ్ళు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టి వెళ్తారు.

వీసాని ఏడాదికోసారి పొడిగించుకోవాలి. దానికి ప్రేమ్ కిరణ్ ఒక ఉత్తరం రాసివ్వాలి, ఈమె నా భార్య, నా దగ్గరే ఉంటోంది, ఈమె బాధ్యత నాది అని. ఆ తర్వాత స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి, హాల్లో కూర్చుని, ఆమె పెట్టిన కాఫీ తాగి, ఆమె ఇంట్లో ఉందో లేదో అత్తగారిని అడిగి వెళ్తాడు. అదంతా ఎలాగో అయిపోతుంది. అసలు బాధంతా ఉత్తరం చేతికొచ్చే దాకానే. ఆమె గుర్తుచేస్తుంది, అతను రాస్తాలే అంటాడు. మళ్ళీ గుర్తుచేస్తుంది, పారిపోతున్నానా అంటాడు. పోయినేడు ఆ రోజుల్లో గ్లోరి తనలో ఒక సంగతి కనిపెట్టింది. ఉత్తరం వచ్చేదాకా ఆమె గొంతు లేవలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు చూసుకుంది. అతను చొక్కా ఇస్త్రీ సరిగా లేదంటే మారు మాట్లాడకుండా మళ్ళీ చేసింది. ఎవరూ బెదిరించలేదు, చెయ్యమని అడగనూ లేదు. ఈ వినయం ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా అని తన్ను తానే వింతగా చూసుకుంది. ఉత్తరం చేతికొచ్చిన మర్నాడే మళ్ళీ మామూలు మనిషైపోయింది. సిగ్గేసింది కూడా.

ఈ ఏడు ఇంకో దారి ఉంది. పెళ్ళయి రెండేళ్ళు దాటింది కాబట్టి విదేశీయులైన భార్యలకూ ఇచ్చే ఓసీఐ కార్డుకి పెట్టుకోవచ్చు. అది వస్తే ఏటేటా పొడిగింపులుండవు, కానిస్టేబుల్‌కి కాఫీలుండవు, ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. ఊళ్ళోని నర్సింగ్ కాలేజీలో విదేశాలకు వెళ్ళాలనుకునే అమ్మాయిలున్నారు. వాళ్ళకు ఆస్పత్రి ఇంగ్లిషూ ఇంటర్వ్యూలూ నేర్పడానికి రమ్మని అక్కడి ప్రిన్సిపాల్ అడిగి ఉంది. పాత వీసా గడువు కొన్ని నెలలుండగానే, అంటే ఇప్పుడే, కార్డుకి పెట్టాలి. గ్లోరి కూర్చుని నిబంధనలన్నీ చదివింది. దాన్ని జీవితాంతం వీసా అంటున్నారు, అయినా విడాకులైతే రద్దవుతుందనీ అంటున్నారు. ఆమెకు కుతూహలం పుట్టింది.

"లైఫ్‌లాంగ్ అని రాశారు. ఎవరి లైఫండీ?" అని భర్తని అడిగింది.

ప్రేమ్ కిరణ్ ఫోన్లోంచి తలెత్తి నవ్వాడు. నీకు పొద్దుపోక అన్నీ అనుమానాలే అన్నాడు. దుబాయ్ పెళ్ళి కాగితాలన్నీ మళ్ళీ తీయాలి, ముద్రలు వేయించాలి, విజయవాడ చుట్టూ తిరగాలి, షాపు ఎవరు చూస్తారు, దానికన్నా ఒక ఉత్తరం ముక్క నయం కదా అన్నాడు. గ్లోరి ఆలోచించింది. ఆ లైఫ్ తనదీ కాదు, అతనిదీ కాదు, పెళ్ళిది. కార్డు కూడా పూర్తిగా తన సొంతం కాదన్నమాట. అయినా ఏడాదికోసారి ఉప్పు చూసుకుంటూ బతకడం కన్నా మేలే.

గ్లోరికి తెలుగులో అన్నిటికన్నా తేలిగ్గా వచ్చిన మాటలు రెండు, మనం, మేము. ఇంగ్లిషులో రెంటికీ ఒకటే మాట కాబట్టి బయటివాళ్ళు ఇక్కడ తడబడతారు. ఆమె తడబడలేదు. ఆమె భాషలోనూ రెండున్నాయి. వింటున్న మనిషిని కలుపుకుంటే తాయో, కలుపుకోకపోతే కామీ. ఈ సంగతి తెలిసినరోజు దుబాయ్ బస్సులో ప్రేమ్ కిరణ్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇద్దరూ ప్రేమలో పడటానికి సగం కారణం అదే. అప్పుడతనికి అన్నీ మనమే. మనం వెళ్దాం, మన ఇల్లు, మనకి పిల్లలు. తిరువూరు వచ్చాక ఆ మాట తన నడక మార్చుకుంది. "మనం అంట్లు కడిగేసుకుందాం అమ్మాయ్" అంటూ అత్తగారు సీరియల్ ముందు కూర్చుంటుంది. మనం నాన్నకి స్నానం చేయించేద్దాం అంటూ ప్రేమ్ కిరణ్ షాపు తాళాలు తీసుకుని బయల్దేరతాడు. అదే నెమలి ఊరికి వెళ్ళే రోడ్డులో స్థలం బేరమాడినప్పుడు, మేమొక స్థలం చూశాం అని ఆమెకే చెప్పారు. పనుల దగ్గర మనం, నిర్ణయాల దగ్గర మేము. తెలిసి అంటున్నారా, తెలియక అంటున్నారా? కోపం రాలేదని కాదు, వచ్చింది. కానీ కోపం కన్నా ముందు చెవి నిక్కబొడుచుకునేది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అత్తగారి తమ్ముడు జోజిబాబు పెనుగొలను నుంచి భోజనానికి వచ్చాడు. గ్లోరి వడ్డిస్తోంది. మాటల్లో వీసా సంగతి వచ్చింది. మా ఊళ్ళో ఒకాయన విదేశీ కోడలు కూడా ఏదో కార్డు తీసుకుంది, మీరూ తీసుకోవచ్చుగా అన్నాడాయన. సరోజినీదేవి చేయి గాల్లోనే ఆపేసింది.

"కార్డొస్తే కాలేజీకి పోతానంటుందిరా. మరి మీ బావని చూసేదెవరు? మేమేమైపోవాలి?"

కోడికూర గిన్నె పట్టుకుని నిలబడ్డ గ్లోరి వ్యాకరణం చూసుకుంది. ఈ మాట తమ్ముడితో అంటోంది. తమ్ముడిని వదిలేసి ఇంట్లోవాళ్ళందరినీ కలిపి మేము అని ఉండొచ్చు. అందులో తనూ ఉండొచ్చు. తెలుగు ఆమాత్రం జాగా ఇస్తుంది. అత్తగారికి ఆ జాగా ఇచ్చి, ఆమె కంచంలో ఇంకో ముక్క వేసింది.

జోజిబాబు మంచి మనిషి. తలెత్తి, నీకేం కావాలమ్మా అని సూటిగా ఆమెనే అడిగాడు. ఈ ఇంట్లో ఆ ప్రశ్న వినబడటం కొత్త. గ్లోరి నోరు తెరిచేలోపే ప్రేమ్ కిరణ్ ఆమె వైపు తిరిగి, ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, చాలా ప్రేమగా అన్నాడు.

"నీకెందుకు గ్లోరీ ఈ కార్డులూ అవీ? మేమంతా ఉన్నాం కదా నీకు."

ఈసారి జాగా లేదు. మాట ఆమెతోనే అన్నాడు. మేమంతా అన్నప్పుడు అందులో అతనున్నాడు, వాళ్ళమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, పెనుగొలను మేనమామ కూడా ఉన్నాడు. లేనిది ఆమె ఒక్కతే. ఏడుపొచ్చింది. గిన్నె వంటింట్లో పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఇంత నొప్పి పుట్టేది కాదు. అతను నిజంగానే ప్రేమతో అన్నాడని ఆమెకు తెలుసు. ఇంత మంచి మాట చెప్తూ కూడా ఒక మనిషిని గుమ్మం బయట నిలబెట్టవచ్చా? కళ్ళు తుడుచుకుంటూ కూడా ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసింది.

సాయంత్రం జోజిబాబుని బస్సెక్కించి వచ్చి ప్రేమ్ కిరణ్ టీ అడిగాడు. గ్లోరి టీ ఇచ్చి, ఎప్పుడూ లేనిది, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి ఉత్తరం రాయొద్దంది. కార్డుకి పెడదాం, దానికీ మీ సంతకం కావాలని తెలుసు, ఆ ఒక్కటీ పెట్టండి అంది. పెట్టకపోతే పొడిగింపు కూడా వద్దు, గడువు అయ్యేదాకా ఉండి బటంగాస్ వెళ్తాను అంది. అవతల సరోజినీదేవి టీవీ కట్టేసింది.

"మరి నాన్న?" అన్నాడతను.

"పొద్దున నేను చూస్తాను. నేను కాలేజీలో ఉన్నప్పుడు మీరూ అత్తయ్యా చూడండి. మావయ్యని పక్కకి తిప్పడం కష్టమేం కాదండీ, నేర్పిస్తాను."

ప్రేమ్ కిరణ్ టీ కప్పు కింద పెట్టాడు. అసలు భయం అప్పుడు బయటికొచ్చింది. "కార్డు చేతికొచ్చాక నన్నొదిలేసి వెళ్ళిపోతావా?" అన్నాడు.

అబద్ధం చెప్పడం తేలికే. అలాంటిదేం లేదంటే అతను ఈ పూటే సంతకం పెట్టేస్తాడు. కానీ ఆ ప్రశ్న గ్లోరికి ఎంతో నచ్చింది. తన్ను తాను ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదా అనిపించింది.

"నాకూ తెలీదండీ. ఇన్నాళ్ళూ మీరు ఉంచితే ఉన్నాను. ఒకసారి నా అంతట నేను ఉండి చూడాలనుంది."