శైలజ ఆపిన రూటరు

శైలజ వెంట నేను గద్వాలకు పోవలసిన పని లేదు. కానీ వనపర్తిలో బస్సెక్కి పిల్ల ఒక్కతే పోతే దారిలో ఏమవుతుందోనని నా పాణం ఆగదు. "డ్యూటీకి అమ్మను తోలుకొని ఎవరన్న వస్తరా?" అని గునుస్తూనే తీసుకుపోయింది.

మేము పోయింది ఒక పత్తి విత్తనాల కంపెనీకి. విత్తనం తెచ్చిన రైతుకు చిట్టీ ఇవ్వాలంటే వాళ్ల కంప్యూటరు హైదరాబాదు ఆఫీసుతో కలవాలి. ఆ కలిపే పెట్టెనే రూటరంటారట. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది లేవడానికి చాలాసేపు పడుతోంది. దాన్ని తొందరగా లేచేటట్టు చేయాలి. ఇట్లాంటి పెట్టెలు బాగుచేసే ఆఫీసులో ఉద్యోగానికి చేరాక, అక్కడి పెద్దసారు నా బిడ్డను నమ్మి ఒక్కదానికే అప్పజెప్పిన మొదటి పని.

"సెట్టింగులన్ని దాని కడుపులనే ఉన్నయమ్మా. అయినా లేవంగనే ఇంకో మిషన్‌ను అడుగుతుంది. ఆ మిషన్ ఎప్పుడో తీసేసిన్రు. జవాబు రాదు, ఇది అడుగుడు మానదు. ఆ అడుగుడు మాన్పిస్తున్న," అంది.

కాసేపు టకటక కొట్టి, చక్కగా నడుస్తున్న పెట్టెను స్విచ్ నొక్కి ఆపేసింది. చిట్టీలు ఆగిపోయాయి. వరుసలో ఉన్న గట్టు ఊరి రైతు బుచ్చన్న నన్ను చూసి, "ఏందక్కా, బాగు చెయ్యనీకి వచ్చిన్రా, బంద్ వెట్టనీకా?" అన్నాడు. అందరూ నవ్వారు.

యేసయ్యా, పిల్ల కొలువు పోయింది అనుకున్నాను. మేనేజరు నిరంజన్ సారు బయటికి రాగానే చేతులు జోడించాను.

"సారూ, తెల్వక ఆపింది. చిన్నపిల్ల. ఈ ఒక్కసారి మాఫ్ చెయ్యుండ్రి."

శైలజ మొహం నల్లబడింది. "అమ్మా! నేనే కావాలని ఆపిన. ఆపి లేపితేనే గద, బాగైందో లేదో తెలిసేది?"

"మీ అమ్మ 'తెల్వక' అంటుంది, నువ్వు 'కావాలని' అంటున్నవ్," అన్నాడు సారు. "మీ పెద్దసారుకు ఫోన్ కలుపు. ఆయన చెప్తేనే ముట్టుకో."

నా ఎదుటే ఫోన్ చేసింది. "సార్, మా అమ్మ నాతోని వచ్చింది... అవును సార్, ఆఫీసుకే... తప్పయింది సార్." ఆ 'తప్పయింది' నేను అనవలసిన మాట.

పెద్దసారుతో తనూ ఫోన్‌లో మాట్లాడాక నిరంజన్ సారు సరేనన్నాడు. శైలజ స్విచ్ వేసింది. వరుసలోవాళ్లు కూర్చోవడానికి జాగా వెతుక్కుంటుండగానే చిట్టీలు రావడం మొదలైంది. "అరె, గింత జల్దినా!" అన్నాడు బుచ్చన్న. నాకు సంతోషపడాలన్నా సిగ్గుగానే ఉంది. తల పైకి లేవలేదు.

"కల్వకుర్తిలగూడ మాకు గిసొంటి పెట్టెనే ఉంది. నువ్వే వస్తవా?" సారు అడిగాడు.

శైలజ నా వైపు చూడలేదు.

"వస్త సార్. ఒక్కదాన్నే వస్త."

ఒక్కదానివేనా అని నోటిదాకా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.