ఎర్ర బటన్ ఎక్కడ పెట్టాలి

ఇంకొంచెం ఎడమకు జరిపితే సరిపోతుంది, బొటనవేలు చాచకుండానే అందుతుంది, పోయినసారీ ఇలాగే అనుకున్నాడు, అంతకుముందూ ఇలాగే, అయినా ఈసారి తప్పదు అనుకుంటూ మోహన్‌కుమార్ లాప్‌టాప్‌లో ఆ ఎర్ర చతురస్రాన్ని లాగి ఎడమ అంచున వదిలాడు, వైరు అవతలి కొసన ఉన్న రిమోట్ ఒకసారి మసకబారి మళ్లీ వెలిగింది, మొహమంతా అద్దమే ఉన్న రిమోట్ అది, ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఎంత సైజులో, ఏ రంగులో ఉండాలో ఇక్కడ గీస్తే అక్కడ పుడుతుంది, పదేళ్లుగా అతనికి తిండి పెడుతున్న పని ఇదే, కృష్ణగిరిలో చిన్న షాపు, హోసూరు విల్లాల్లో హోం థియేటర్లు బిగించడం, చివర్న ఆ ఇంటివాళ్ల చేతికి తగ్గట్టు రిమోట్ అమర్చి ఇచ్చి నమస్కారం పెట్టి రావడం, టీవీని, సెట్‌టాప్ బాక్సుని, ఆంప్లిఫయర్‌ని వరసగా నిద్ర లేపే బటన్ ఒకటి, అది ఎప్పుడూ ఎర్రగా, పెద్దగా, పైన, ఇంతవరకు ఒక్క డాక్టరు గానీ ఒక్క బిల్డరు గానీ తప్పు పట్టలేదు, ఈ బేరిగై ఊరి ఇంట్లో మాత్రం పొద్దున తొమ్మిదినుంచి ఇది అయిదో సారి, ఎదురుగా ఇనుప మంచంమీద గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటప్ప నవ్వుతున్నాడు, పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలయింది, కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, నవ్వు సగం మొహానికే వస్తోంది, మాట ముద్దగా వస్తోంది, విల్లాల వోళ్లకు గంటలో చేసిస్తావంట, నాకు మాత్రం చొక్కా కొలతలు తీసినట్ల తీస్తానే వుండావే అప్పా, అంటున్నాడు.

కొలతలు కాక ఇంకేమిటి, అనుకున్నాడు మోహన్, ఈ మనిషి ఎడమ బొటనవేలు ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో అతనికిప్పుడు కంఠతా వచ్చు, శబ్దం పెంచే బటన్‌కు పోతోంది, చానల్ మార్చే బటన్‌కు పోతోంది, అన్నిటికంటే పెద్దదైన ఎర్ర బటన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గాలిలో నిలబడిపోతోంది, వణుకుతోంది, వెనక్కి వచ్చి పంచెకు తుడుచుకుంటోంది, తర్వాత రిమోట్‌ను మోహన్ చేతిలో పెట్టి, నీవే నొక్కప్పా, అంటాడు, అయిదుసార్లూ అదే మాట, వంటింటి గుమ్మంలో నిలబడి అమ్ములు అయిదుసార్లూ చూసింది, వెంకటప్ప ఒక్కగానొక్క కూతురు, ఇరవై నాలుగేళ్లది, హోసూరు పక్కన సెల్‌ఫోన్ భాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, రెండుసార్లు వాయిదా అడిగింది, సోమవారం చేరకపోతే ఇంక రావద్దన్నారు, పొద్దున ఏడుకు కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం అయిదున్నరకు దిగుతుంది, అంతసేపు తండ్రి ఒక్కడే ఉండాలి, కర్ర పట్టుకుని నడుస్తాడు, గిన్నెలో పెట్టి పోతే తింటాడు, పక్కింట్లో చౌడమ్మ ఉంది, అంతా బాగానే ఉంది గానీ పోయిన వారం ఒకరోజు వదిలి చూస్తే టీవీ ఆగిపోయిందట, టీవీదీ బాక్సుదీ రెండు రిమోట్లు ముందు పెట్టుకుని ఏది నొక్కాలో తెలియక, చౌడమ్మను పిలవడానికి సిగ్గుపడి, సాయంత్రం దాకా నల్లటి తెర ముందు అట్లే కూర్చున్నాడట, గిన్నె మూత కూడా తీయలేదట, ఇరవై ఏడేళ్లు ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపు మోతలో బతికిన మనిషికి నిశ్శబ్దం అంటే పొయ్యి ఆరిన ఇల్లులాంటిదేమో, చెవులు కూడా ఆ మోతకే సగం పోయాయి, టీవీలోంచి వచ్చే గొంతు చాలదు, అందుకే ఒక కస్టమర్ మార్చేసిన పాత సెట్టును మోహన్ బైకుమీద కట్టుకొచ్చి బిగించాడు, మనుషుల మాటలు వచ్చే నడిమి స్పీకర్‌ను మిగతావాటికంటే ఎక్కువ చేశాడు, ఇప్పుడు వెంకటప్పకు ఒక్క మాట కూడా పోదు, కానీ ముందు ఆ సెట్టు లేవాలి గదా, అమ్ములు గుమ్మంలోంచే అంది, చాల్లే అన్నా, పొద్దున్నుంచి అలిసిపోతా వుండావు, నాయన చేత కాదులే, సోమవారం రానని ఫోన్ చేసేస్తాను, ఆ మాటకు వెంకటప్ప తల తిప్పలేదు, వినపడలేదేమో, వినపడిందేమో, ఎడమ చేత్తో కుడి చేతిని తీసి ఒళ్లో సర్దుకున్నాడు.

ఆ చేతులు, ఆ రెండు చేతులూ సరిగ్గా ఉన్న రోజుల్లో ఎలా కదిలేవి, ప్రెస్సుకు అటొకటి ఇటొకటి ఆకుపచ్చ బటన్లు, రెండూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే పైనుంచి ఇనుము దిగుతుంది, చేతులు బటన్లమీద ఉంటే కింద ఉండవు గదా, అదీ దాని భద్రత, మోహన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు, కాంట్రాక్టు కూలి, నూటయాభై ముక్కలు గంటకు తీయలేక సతమతం, కుడివైపు బటన్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేశాడు, ఇక ఎడమ చేత్తో నొక్కితే చాలు, కుడి చేత్తో రేకు తోయొచ్చు, మొదటి గంటలో రెండు వందలు, తనంత తెలివైనవాడు షాపులో లేడనుకున్నాడు, రేకు కొంచెం వంకరగా పోయింది, సర్దడానికి కుడి చెయ్యి లోపలికి, అదే క్షణంలో అలవాటుగా ఎడమ చెయ్యి బటన్‌మీదికి, అమ్ములు టీ గ్లాసు తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది, చల్లారుతుంది తాగన్నా, అంది, అతను కుడి చేత్తో గ్లాసు అందుకున్నాడు, అయిదు వేళ్లూ గ్లాసు వేడిని పట్టుకున్నాయి, ఇనుము సగంలో ఆగిపోయింది ఆ రోజు, షాపంతా ఆగిపోయింది, పక్క ప్రెస్సుమీద ఉన్న వెంకటప్ప తమ ఇద్దరి మధ్య స్తంభానికున్న, లైనంతా ఆపేసే ఎర్ర బటన్‌ను అరచేత్తో గుద్ది అక్కడే నిలబడి ఉన్నాడు, వచ్చి ట్యూబు ముక్క విప్పి తన జేబులో వేసుకున్నాడు, సూపర్వైజర్ పరుగున వస్తే, నా ప్రెస్సులో ఏదో సద్దొచ్చినట్లయింది సార్, నేనే ఆపినాను, అన్నాడు, నలభై నిమిషాలు లైన్ ఆగినందుకు మెమో ఆయనకు, మూడు రోజులు సస్పెన్షన్ ఆయనకు, మోహన్‌కు మాత్రం అయిదు వేళ్లు, ఈ మౌసు పట్టుకునే వేళ్లు, వెంట్రుకంత వైరుకు టంకం వేసే వేళ్లు, పెళ్లిలో మంగళసూత్రం ముడి వేసిన వేళ్లు, వయసులో తండ్రంతటివాడైనా షాపులో అందరూ ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లు, మోహన్ కూడా.

ఆ మనిషి సైగ చేస్తే చాలు పని అయిపోవాలి, పదేళ్ల అనుభవం ఉన్నవాడికి ఒక బటన్ పెట్టడం రాకపోతే ఎట్లా, సైజు పెంచాను, కిందికి దింపాను, ఎడమకు తెచ్చాను, ఇంకేం మిగిలింది, వణుకు అనుకున్నాను గానీ మిగతా బటన్ల దగ్గర ఆ వణుకు ఏదీ, అని అప్పుడు తట్టింది మోహన్‌కు, గ్లాసు కింద పెట్టి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు, చెవి దగ్గరికి వంగి, అన్నా, చెయ్యి ఆడకనా, ఇష్టం లేకనా, ఎందుకు నొక్కవు దాన్ని, అని అడిగాడు, వెంకటప్ప అతనివైపు చూశాడు, కొత్తగా చేరిన కూలివాణ్ని చూసినట్టు, ఈమాత్రం తెలీదా అన్నట్టు, మాటలు ఒక్కొక్కటిగా కూడదీసుకుని చెప్పాడు, ఎర్రది వూరికే నొక్కకూడదు గదప్పా, ఎవురి చెయ్యన్నా లోపల వుంటేనే నొక్కాల.

అమ్ములు పకపకా నవ్వి, అంతలోనే కొంగుతో కళ్లు తుడుచుకుని, దీనికా నాయనా పొద్దున్నుంచి ఈ బాధ, నోరు తెరిచి చెప్పుంటే ఏమి పోయింది, అంటోంది, ఆయన ఎందుకు చెబుతాడు, మంట ముట్టుకోకూడదని ఎవరన్నా చెప్పుకుంటారా, నాకు తెలియాలి, ఆ షాపులో రెండేళ్లు నిలబడినవాణ్ని నాకే తెలియాలి, విల్లాలు తిరిగి తిరిగి మరిచిపోయాను అనుకుంటూ అతను లాప్‌టాప్ లాక్కున్నాడు, ఎర్ర చతురస్రాన్ని పచ్చగా మార్చడానికి రెండు నొక్కులు చాలాయి, రిమోట్ మసకబారింది, వెలిగింది, వెంకటప్ప చేతిలో పెట్టాడు, బొటనవేలు వెళ్లింది, ఆగలేదు, నొక్కింది, నాలుగు సెకన్లకు టీవీ లేచింది, తర్వాత బాక్సు, తర్వాత ఆంప్లిఫయర్ టక్కుమంది, ఎవరో ఆడమనిషి వార్తలు చదువుతున్న గొంతు నడిమి స్పీకర్‌లోంచి గదంతా నిండింది, వెంకటప్ప చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే విన్నాడు, ఆపాడు, మళ్లీ లేపాడు, ఇంకోసారి ఆపి ఇంకోసారి లేపి, చూస్తివా అమ్ములూ, బస్సుకు టైముకు పో, నా కోసరం నిలబడొద్దు, అన్నాడు, ఆ పిల్ల తల ఊపింది, ఊపుతూనే ఉంది.

అంతటితో లేచిపోవచ్చు, మధ్యాహ్నం దాటింది, కృష్ణగిరికి గంటన్నర దారి, కానీ మోహన్ మనసు లేవలేదు, రిమోట్ అడుగున ఇంకా చోటుంది, అక్కడ చిన్నగా ఒక ఎర్ర బటన్ పెట్టి, దాన్ని నొక్కితే అమ్ములు ఫోనూ తన ఫోనూ మోగేలా కలిపాడు, అన్నా, ఇది నిజంగా ఎర్రదే, నీకు కళ్లు తిరిగినా, కింద పడినా దీన్ని నొక్కాల, నొక్కుతావు గదా, అని గట్టిగా అడిగాడు, వెంకటప్ప దానివైపు చూశాడు, అబద్ధం చెప్పడం ఆయనకు సూపర్వైజర్ ముందు ఆ ఒక్కరోజే వచ్చింది, నా చెయ్యి లోపల వుంటే నేనెట్ల నొక్కేది మోహనా, పక్కన వుండేవాడు గదా నొక్కాల, అన్నాడు, ఫిర్యాదు లేదు ఆ గొంతులో, పని ఎలా జరుగుతుందో చెబుతున్నాడంతే.

పక్కన ఉండేవాడు, అవును, ఈ మాటకు ఏ లాప్‌టాప్‌లోనూ బటన్ లేదు, ఉందేమో, ఆ పచ్చ బటన్ నొక్కిన ప్రతిసారీ రిమోట్ మాట అందుకోవడానికి తను గోడకు తగిలించిన పెట్టె ఇంటర్నెట్‌లోంచి ఒక చిన్న కబురు పంపగలదు, రోజూ ఎనిమిదికి ఈయన సెట్టు లేపుతాడు, తొమ్మిదిదాకా కబురు రాకపోతే కృష్ణగిరిలో తన ఫోన్ మోగాలి, తను చౌడమ్మకు ఫోన్ చేయాలి, ఆమె గోడ దాటి వచ్చి చూడాలి, పది నిమిషాల పని, చేసేశాడు, వెంకటప్ప చేత పచ్చది నొక్కించాడు, మోహన్ జేబులో ఫోన్ ఒకసారి వణికింది, ఈ వణుకు రేపు, ఎల్లుండి, సోమవారం, ఏదో విల్లాలో నిచ్చెనమీద ఉన్నప్పుడో షాపు షట్టర్ ఎత్తుతున్నప్పుడో వస్తుంది, రాని రోజున తను దాన్ని గమనించాలి, ప్రతిరోజూ కనిపెట్టి ఉండాలి, అమ్ములు సంగటి కలుపుతూ, తినకుండా పోయినావంటే మాటల్లేవన్నా, అంటోంది, వెంకటప్ప వార్తలు వింటున్నాడు, మోహన్ ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు, పదహారేళ్లుగా అతను ఆ అరచేతి దెబ్బకే దండం పెట్టుకుంటూ వచ్చాడు, ఎంత చురుకు, ఎంత వేగం అని ఎందరికో చెప్పుకున్నాడు, ఇప్పుడు చూస్తే వేగంతో అయ్యే పని కాదు అది, ఇనుము దిగడానికి పట్టేది అర సెకను, ఆ అర సెకను ఆయనకు చిక్కాలంటే తన పని తను చేసుకుంటూనే పొద్దుటినుంచీ, బహుశా మోహన్ చేరిన రోజునుంచీ, ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి ఒక కన్ను ఈ చేతులమీద వేసి ఉంచాడన్నమాట.