ఇంటికి ఒక గొంతు

“లీలా, కుంపటి విసరవే,” అంది ఎలీసబెతమ్మ.

జీవరత్నం విసనకర్ర అందుకుని విసిరింది. అక్క లీలావతి చచ్చిపోయి అప్పటికి పదకొండు నెలలు. మొదట్లో తల్లి అలా పిలిస్తే “నేనమ్మా, రత్నాన్ని” అనేది. తల్లి నాలిక కరుచుకుని ఏడ్చేది. ఇప్పుడు తల్లి నాలిక కరుచుకోవడమూ లేదు, ఈ పిల్ల దిద్దడమూ లేదు.

చచ్చిన పిల్ల పేర ఉత్తరం వస్తే ఏ తండ్రైనా ఏడుస్తాడు. బందరు మిషను బళ్ళో మేష్టరు దేవసహాయం మాత్రం ఎగిరి గంతేశాడు. బెజవాడ రేడియో వాళ్ళు లీలావతిని పాట పరీక్షకి రమ్మన్నారు. టైఫాయిడ్ రాకముందు ఆ పిల్ల పెట్టిన అర్జీకి జవాబు అది.

“నువ్వెళ్ళి పాడు,” అన్నాడు చిన్నకూతురితో.

“అక్క పేరుతోనా నాన్నా?”

“వాళ్ళు మొహం చూస్తారా ఏంటే? గొంతేగా వినేది! రేడియోలో ‘లీలావతి’ అని చెప్తారు. నేను వినాలి. నా పరువు తియ్యకు.”

అబద్ధమాడితే నరకమని ఆదివారం బడిలో పిల్లల చెవులు మెలిపెట్టే పెద్దమనిషి!

పాడాలని జీవరత్నానికి లేకనా? అక్క హార్మోనియం ముందు కూర్చుంటే, తను రోటి దగ్గర పప్పు రుబ్బుతూ ఆ పాటలన్నీ పెదవి కదపకుండా నేర్చుకుంది. ఒకసారి ఉండబట్టలేక పైకి పాడితే ఈ నాన్నే అన్నాడు, “నీకెందుకే? ఇంటికి ఒక గొంతు చాలు. నువ్వెళ్ళి అంట్లు తోముకో.” ఇప్పుడు అంట్లూ తనవే, పాటా తనదే, పేరొక్కటీ తనది కాదు. తెల్లారుజామున లేచి సాధన, అది కాగానే వంట.

తనది నాలుగు శ్రుతి, అక్కది ఆరు. తండ్రి హార్మోనియం మీద ఆరే పట్టేవాడు. “పైకి! లీల అందుకునేది కాదూ?” గొంతు గీరుకుపోయి ఉమ్మిలో నెత్తురు జీర కనపడింది. మూడో వారానికి అందింది. అందడమేనా! పై షడ్జమం పట్టే ముందు అక్క గొంతు చిన్న వెక్కులా ఆగేది. ఆ వెక్కు తనకొచ్చేసింది. ఎవరూ నేర్పలేదు, మానుకుందామన్నా మానలేదు. ఎప్పుడూ వదులుగా ఉండే అక్క రవికె ఒంటికి అతికినట్టు సరిపోయింది. తల్లి సంబరపడిపోయింది. జీవరత్నానికి భయం వేసింది.

మంగినపూడి నుంచి చేపలు తెచ్చే అంకమ్మ ఓ పొద్దున గుమ్మంలో గంప దించబోయి ఆగిపోయింది.

“అమ్మో, పెద్దమ్మాయి గొంతే!”

“ఊరుకో అంకమ్మా, చిన్నదే పాడుతోంది,” అంది ఎలీసబెతమ్మ.

“చిన్నమ్మాయైతే చిన్నమ్మాయి గొంతుండాలి గదమ్మా! పోయిన పిల్లని పోనియ్యండి. లేపోతే ఉన్న పిల్లా ఉండదు.”

చేపలు అమ్మకుండానే వెళ్ళిపోయింది. ఆ పూట పప్పుచారుతో సరిపెట్టుకున్నారు.

పరీక్షనాడు రైలు గుడివాడలో చాలాసేపు ఆగింది. తండ్రి దిగి కాఫీ తెచ్చాడు. “తాగు లీలా, గొంతుకి మంచిది.” పదహారేళ్ళలో తండ్రి తన చేతికి ఏదైనా అందించడం అదే మొదలు. ఎవరికిస్తున్నాడో తెలిసే తాగింది. ఎంత బాగుందో! ఆ బాగుండడానికే ఏడుపొచ్చింది.

బెజవాడలో తండ్రిని వరండాలో కూర్చోబెట్టారు. లోపలి గది తలుపు మూయగానే లోకంలో చప్పుడంతా తెగిపోయింది. తన ఊపిరి తనకే పెద్దగా వినపడింది. అద్దం అవతలి నుంచి ఒకాయన అడిగాడు, “లీలావతేనా? శ్రుతి ఎంతమ్మా?”

“ఆరండీ.”

తను నోరు తెరవాలనే అనుకోలేదు. అక్క మాటే అది, అక్క సాగదీతే. జీవరత్నం రెండు చేతులా నోరు మూసుకుంది. ఇప్పుడు పాడితే గెలుస్తుంది. నాన్న రోజూ కాఫీ ఇస్తాడు. తను మాత్రం ఇంక ఎవరికీ కనపడదు, తనకి కూడా.

చేతులు తీసింది. “లీలావతి మా అక్కండీ. పోయింది. నా పేరు జీవరత్నం.”

ఆయన లేచి ఇవతలికొచ్చాడు. “అయితే ఇవాళ కుదరదమ్మా. నీ పేరు మీద అర్జీ పెట్టుకో,” అని మెత్తగానే చెప్పి, ఒక ఖాళీ కాగితం చేతికిచ్చి పంపాడు.

వరండాలో తండ్రి ఎదురొచ్చాడు. ఆయన మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు.

“బాగా పాడిందా, మన లీల?”

“లీల చచ్చిపోయింది నాన్నా,” అంది జీవరత్నం. “నేనింకా పాడలేదు.”