గాలాడని పెట్టె

మ్యూజియంలో ఆమెను అందరూ ధూళమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పొద్దున్నే వచ్చి కిటికీ అంచు మీద వేలు రాసి, నల్లబడ్డ ఆ వేలిని కాపలాదారు మొహం ముందు పెట్టి "ఇదేంటి?" అని అడిగే మనిషిని మరేమని పిలుస్తారు? వీధి చివర ఫ్యాక్టరీ గొట్టాలు రాత్రనక పగలనక పొగ కక్కుతుంటే, అదంతా ఈ పాత కట్టడంలోకే దూరుతుంటే, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? "నన్ను కూడా తుడిచి గాజుపెట్టెలో పెట్టెయ్యండమ్మా, శుభ్రంగా ఉంటాను" అనేవాడు. ధూళమ్మ నవ్వేది కాదు. పాత వస్తువుల మీద పొగ, మసి, తేమ వాలకుండా చూడటమే ఆమె ఉద్యోగం. దాంట్లో ఆమెకు వేళాకోళాలు గిట్టవు.

ఆ పొద్దున ఆమెకు కనిపించింది మసి కాదు. గాజు లోపల, కింది వరసలో చివరి బిళ్ళ కింద, పిండి జల్లినట్టు తెల్లని పొడి. కళ్ళజోడు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది. బిళ్ళ మీద ఉండాల్సిన పేరు చెరిగిపోయింది. అది ఆమె తండ్రి బిళ్ళ.

ఆ బిళ్ళల సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కొండకు అవతల ఒకప్పుడు సీసం గని ఉండేది. గనిలోకి దిగేవాడు తన పేరు చెక్కిన బిళ్ళను పైన పలక మీది మేకుకు తగిలించి దిగాలి, ఎక్కి వచ్చాక తీసుకుని ఇంటికి పోవాలి. పలక చూస్తే లోపల ఎవరెవరున్నారో తెలిసిపోయేది. బిళ్ళలు కూడా ఆ గని సీసంతో పోసినవే. ఒకరోజు లోపల నిప్పంటుకుంది. మంటకు గాలి అందితే గనంతా పోతుందని పైవాళ్ళు గని నోరు మూసేశారు. లోపల మనుషులున్నారని పలక చెబుతూనే ఉంది. అయినా మూసేశారు, దుర్మార్గులు. ఒక్క శవం కూడా బయటికి రాలేదు. ఇంటివాళ్ళకు మేకులకు వేలాడే బిళ్ళలే మిగిలాయి. తర్వాత అవే ఈ మ్యూజియానికి చేరాయి.

ధూళమ్మ తండ్రికి ఏదో ఒకటి కొరికే అలవాటు. గని దగ్గర వంతు కోసం నిలబడి బిళ్ళను పళ్ళ మధ్య పెట్టుకునేవాడట. సీసం మెత్తన కదా, పేరు పక్కన రెండు పంటి గాట్లు పడ్డాయి. అమ్మకు చూపు పోయాక ఆ గాట్లే ఆమెకు మొగుడు. ఏటా గని మూసిన రోజున మ్యూజియానికి వచ్చి, బొటనవేలితో గాట్లు తడిమి, బిళ్ళను పెదవులకు ఆనించుకుని వెళ్ళేది. రూల్సు ప్రకారం ఎవరూ ముట్టుకోకూడదు. ఆ కాసేపూ ధూళమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడేది.

నిరుటి దాకా బిళ్ళలు గోడ మీదే ఉండేవి. మసి పట్టేది, తుడిచేవాళ్ళు, మళ్ళీ పట్టేది. తుడిచినకొద్దీ పేర్లు అరుగుతున్నాయి. ధూళమ్మ పై అధికారుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, గాలి చొరని పెట్టె ఒకటి మంజూరు చేయించుకుంది. చేసింది ఆమె అన్నే. ఊళ్ళో అంత పనితనమున్న వడ్రంగి ఇంకొకడు లేడు. నాన్న కోసం కదా అని ఎక్కడెక్కడో వెతికి ఘుమఘుమలాడే కొత్త చెక్క కోయించుకొచ్చాడు. లోపలి పలకా అదే, అడుగూ అదే. తలుపు అంచులకు రబ్బరు. మూస్తే చప్‌మని అతుక్కునేది.

కొన్ని చెక్కలు పుల్లని ఆవిరి వదులుతాయి, అది సీసాన్ని తినేస్తుంది. ఈ మాట ధూళమ్మకు తెలియదా? ఆమె చదివిందే అది. అందుకే చెక్కముక్క ఒకటి, సీసపు రేకు ఒకటి, కాస్త తడి దూది కలిపి గాజుసీసాలో బిగించి, నెల్లాళ్ళు వెచ్చగా ఉంచి చూడాలి. రేకు చెక్కుచెదరకపోతేనే ఆ చెక్క పెట్టెకు పనికొస్తుంది. ఆ పరీక్ష ఆమె చెయ్యలేదు. ఏటా అమ్మ వచ్చే ఆ రోజు దగ్గరపడింది. పైగా అన్న అలిగాడు. "నాన్న పెట్టెకు నేను తెచ్చిన చెక్కను పరీక్ష చేస్తావే? నన్ను కూడా సీసాలో పెట్టి మూత బిగించు!" అన్నాడు. అన్న మొహం చూసి ఊరుకుంది. పరాయి వడ్రంగి అయితే ఊరుకునేదా? ముక్కు పిండి మరీ ముక్క తీసుకునేది.

అమ్మ చెయ్యి పైకి లేవదని నాన్న బిళ్ళను కింది వరసలో, అడుగు చెక్కను ఆనుకునేలా తగిలించింది కూడా తనే. నిరుడు అమ్మ బిళ్ళను ముట్టుకున్నాక పెట్టె మూస్తుంటే, ఆ చప్పుడు విని అమ్మ అడిగింది.

"లోపల గాలాడుతుందటే?"

"చీమ కూడా దూరదమ్మా" అంది ధూళమ్మ గొప్పగా.

ఆ ధీమాతోనే ఏడాదంతా బయటి మసి మీద కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. లోపలికి తేరిపార చూసింది లేదు.

కబురు పెడితే అన్న వచ్చాడు. తలుపు తీశారు. వాసన గుప్పుమంది, ఘాటుగా, కాస్త పుల్లగా.

"అబ్బ! ఏడాదైనా వాసన పోలేదు చూశావా? చెక్కంటే అదీ!" అన్నాడు అన్న మురిసిపోతూ.

"ఆ వాసనే అన్నయ్యా. నాన్న బిళ్ళను తినేసింది అదే."

"నా చెక్కకేం రోగం? పొగ తినుంటుంది. ఊరందరి ఊపిరితిత్తులు తింటోంది, ఆఫ్టరాల్ బిళ్ళను తినదా?"

"పై వరస చూడు. అడుగు చెక్కకు ఎడంగా ఉన్నవి మసకబారాయంతే. కిందికి వచ్చేకొద్దీ చూడు."

అతను వంగి చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లాగేసింది.

"ముట్టుకోకు! విషం అది."

చేతికి తొడుగులు వేసుకుని, కింద కాగితం పట్టి ఆమే బిళ్ళను మేకు నుంచి తప్పించింది. బిళ్ళ కాగితం మీదికి చేరేలోపే పొడిపొడిగా రాలిపోయింది. పంటి గాట్లు ఎక్కడుండేవో కూడా చెప్పడానికి లేదు. అన్న నేల మీద చతికిలబడ్డాడు.

"నేనేనా చేసింది ఇది?"

"చెక్క నీది. పరీక్ష నాది. అది చెయ్యంది నేను."

"ఎందుకూరుకున్నావే మరి? అలిగితే అలగనివ్వాల్సింది. రెండు పూటలు తిండి మానేసేవాణ్ణి, మూడోపూట నేనే వచ్చి కంచం ముందు కూర్చునేవాణ్ణి. నా సంగతి నీకు తెలీదా?"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్ళు పొడి మీద పడతాయని మొహం పక్కకు తిప్పుకుంది.

అన్న గొంతు తగ్గించాడు. "రేపే అమ్మ వచ్చేది."

"వచ్చి పెదవులకు ఆనించుకుంటుంది. దీన్ని ఎలా ఇవ్వనూ?"

"వేరేది పోస్తాను. సీసం ముక్క ఉంది నా దగ్గర. పేరు చెక్కుతాను."

అసలు వస్తువును తప్ప దేన్నీ గడప తొక్కనివ్వని మనిషి ధూళమ్మ. ఆమే అడిగింది, "మరి గాట్లు?" అని. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అన్న తన ముందుపళ్ళను వేలితో తట్టి చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నం మిగతా గనివాళ్ళ కుటుంబాలు రావాలి. అమ్మ మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని అరచెయ్యి చాపింది. అన్న కొత్త బిళ్ళను అందులో పెట్టాడు. ధూళమ్మ కిటికీ వైపు తిరిగింది.

"పేరు ఈసారి బాగా తగులుతోందే" అంది అమ్మ సంతోషంగా. బొటనవేలు పేరు దాటి గాట్ల మీదికి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి తడిమింది.

"ఒరేయ్, ఇవి నీ పళ్ళురా."

అన్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ నాన్నకు రెండూ తిన్నగా ఉండేవి. ఈ వంకర పన్ను మా పుట్టింటిది, నా నుంచే నీకొచ్చింది. నాకు తెలీదట్రా?" బిళ్ళను ఒడిలో పెట్టుకుని కూతురి వైపు తల తిప్పింది. "మీ నాన్నది ఏదే?"

ధూళమ్మ దాచలేదు. చెక్క సంగతి, చెయ్యని పరీక్ష సంగతి, కింది వరస సంగతి, అన్నీ చెప్పింది. తర్వాత బీరువాలోంచి మూత బిగించిన సీసా తీసి అమ్మ చేతిలో పెట్టింది. నిరుడు చెక్కముక్కను వెయ్యాల్సిన సీసాలాంటిదే, ఇప్పుడు అందులో నాన్న పొడి ఉంది.

"మూత తియ్యకమ్మా. చేతికంటితే ప్రమాదం."

అమ్మ సీసాను చెవి దగ్గర పెట్టుకుని కదిపింది. చప్పుడు లేదు.

"గాలాడకే పోయాడే మీ నాన్న" అంది. "గని నోరు మూస్తుంటే అక్కడే నిలబడి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా! నిరుడు నిన్నూ అడిగాను, గాలాడుతుందా అని."

"అడిగావమ్మా."

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సీసాను పెదవులకు ఆనించుకుంది, గాజు తగలగానే దించేసింది. కొడుకు భుజం పట్టుకుని లేచింది.

వాళ్ళు గుమ్మం దాకా వెళ్ళారో లేదో, ధూళమ్మ చెయ్యి అలవాటుకొద్దీ పెట్టె తలుపు మీదికి వెళ్ళింది. రబ్బరు కీచుమంది. గుమ్మంలో అమ్మ ఆగింది.

"మూయకే" అంది వెనక్కి తిరక్కుండానే.

ధూళమ్మ మూయలేదు. మిగతావాళ్ళు వచ్చే వేళయింది. వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, తెరిచిన తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది.